డప్పు దెబ్బ తెలిసిన చెవికి అమెరికాలో ఏ ఉద్యోగం?

కాజీపేట నుంచి ఒక తమ్ముడు పంపిన సందేహమిది. ఈసీఈలో బీటెక్ చేసి, హన్మకొండలోని చిన్న స్టూడియోలో జానపద పాటలకు మాస్టరింగ్ (విడుదలకు ముందు పాట శబ్దానికి తుది మెరుగు) చేస్తున్న ఆయన, అమెరికాలో ఎంఎస్‌కు ఆడియో కోర్సు తీసుకోవాలా, కంప్యూటర్ సైన్స్ తీసుకోవాలా, చదువుకుంటూ మాస్టరింగ్ మీద కొంత సంపాదించుకోవచ్చా అని అడుగుతున్నారు.

రెండో ప్రశ్నకే ముందు జవాబు చెబుతాను, ఎందుకంటే అక్కడ జరిగిన తప్పును దిద్దుకోవడం చాలా కష్టం. ఎఫ్-1 అనే విద్యార్థి వీసా మీద ఉన్నవారు సెమిస్టర్ నడుస్తున్నప్పుడు క్యాంపస్‌లో వారానికి 20 గంటల వరకే పని చేయవచ్చు. అనుమతి లేకుండా బయటివారి పాటకు మాస్టరింగ్ చేసి డబ్బు తీసుకుంటే వీసాకే ముప్పు వస్తుంది. వరంగల్ నిర్మాత ఇచ్చేది మన ఊరి డబ్బే కదా అని కూడా అనుకోవద్దు. యూనివర్సిటీలోని అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయాన్ని ముందు అడగండి. రేపు హెచ్-1బి అనే ఉద్యోగ వీసా వచ్చినా, మీ కోసం దరఖాస్తు చేసిన సంస్థకే పని చేయాలి. ఈ మాట మొదట్లోనే చెప్పేవారు లేక నేను రెండేళ్లు మథనపడ్డాను.

ఇక కోర్సు సంగతి. చదువు తర్వాత వచ్చే 12 నెలల ఓపీటీకి (చదివిన రంగంలో పని చేసే అనుమతికి) మరో 24 నెలలు కలవాలంటే, యూనివర్సిటీ ఇచ్చే ఐ-20 పత్రం మీద ఉండే సీఐపీ కోడ్ (కోర్సు ఏ రంగానిదో తెలిపే సంఖ్య) స్టెమ్ జాబితాలో, అంటే సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, గణితం కోర్సుల జాబితాలో ఉండాలి. పేరులో టెక్నాలజీ అని ఉన్నంత మాత్రాన సరిపోదు కనుక, ఫీజు కట్టకముందే ఆ కోడ్‌ను రాతపూర్వకంగా అడిగి తెలుసుకోండి. నా అభిప్రాయంలో ఎలక్ట్రికల్ గానీ కంప్యూటర్ సైన్స్ గానీ తీసుకుని, అందులో శబ్దం వంటి సంకేతాలను లెక్కలతో మార్చే సిగ్నల్ ప్రాసెసింగ్‌ను పట్టుకోవడం మేలు.

అలాగని మాస్టరింగ్ నేర్చిన చెవి వృథా పోదు. లిమిటర్‌తో (శబ్దం ఒక హద్దు దాటకుండా ఆపే సాధనం) అతిగా నొక్కితే డప్పు మీద లావు కర్ర చిర్ర వేసిన దెబ్బ మొద్దుబారిపోయి, సన్నని చిటికెన పుల్ల చప్పుడు పాట అడుగున కలిసిపోవడం మీరు వినే ఉంటారు. అంత నొక్కినా ఫలితం లేదు. స్పాటిఫై మామూలుగా పాటలన్నిటినీ -14 ఎల్‌యూఎఫ్‌ఎస్ (వినిపించే బిగ్గరతనానికి కొలత) దగ్గరకు తెచ్చి వినిపిస్తుంది కనుక, గట్టిగా చేసిన పాట శబ్దం తగ్గిపోతుంది, పోయిన దెబ్బ మాత్రం తిరిగి రాదు. ఆ నష్టాన్ని విని గుర్తుపట్టి, దానికి విరుగుడును సీ ప్లస్ ప్లస్‌లో రాయగలవారు తక్కువ. శబ్దాన్ని సెకనుకు 48,000 శాంపిళ్లుగా (48,000 హెర్ట్జ్) తీస్తే, ఒక్కసారి లెక్కగట్టే 128 శాంపిళ్ల ముక్క, అంటే బఫర్, దాదాపు 2.67 మిల్లీసెకన్లు, లెక్క అంతా ఆలోపు ముగియకపోతే టప్‌మని శబ్దం వస్తుంది. అందుకే ఆడియో థ్రెడ్‌లో (శబ్దాన్ని లెక్కగట్టే కోడ్ వరుసలో) మెమరీ కేటాయించకూడదు, లాక్ కోసం, అంటే మరో కోడ్ పని ముగిసేదాకా, ఆగకూడదు. ఆడియో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల ఇంటర్వ్యూలలో నన్ను ఎక్కువగా అడిగింది ఇదే.

మొదటి ప్రాజెక్టుగా లిమిటర్ కాకుండా లౌడ్‌నెస్ మీటర్ (బిగ్గరతనాన్ని కొలిచే ప్రోగ్రాం) రాయండి. ఐటీయూ (అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం) వారి బీఎస్.1770 ప్రమాణం ఉచితంగా దొరుకుతుంది: చెవి వినే తీరుకు తగ్గట్టు శబ్దాన్ని సవరించే కె-వెయిటింగ్ ఫిల్టర్, 75 శాతం ఒకదానిపై ఒకటి పడే 400 మిల్లీసెకన్ల ముక్కలు, -70 దగ్గర ఒక గేటు (అంతకన్నా మెల్లని ముక్కలను లెక్కలోంచి తీసేసే హద్దు), సగటుకు 10 యూనిట్లు కింద మరొకటి. ఈబీయూ (యూరప్ ప్రసార సంస్థల సంఘం) పరీక్షా సంకేతాలతో సరిచూస్తే మీ లెక్క సరైనదో కాదో ఎవరి మెప్పూ అక్కర లేకుండా తేలిపోతుంది. ఆడియో ప్రోగ్రాంల కోసం ఉన్న జ్యూస్ (JUCE) ఫ్రేమ్‌వర్క్‌లో రాస్తే అదే కోడ్ ప్లగిన్ రూపాలైన వీఎస్‌టీగానూ, ఆపిల్ ఆడియో యూనిట్‌గానూ తయారవుతుంది. ఖరీదైన స్పీకర్లు మొదటి ఏడాది కొనకండి. అద్దె గదిలో బాస్ నిజం చెప్పదు, గోడ అవతలివారు ఊరుకోరు.

విమానం ఎక్కేలోపు చేయాల్సింది ఒకటుంది. ఊళ్లో డప్పును మంట మీద కాచకముందు ఒకసారి, కాచాక ఒకసారి, 24 బిట్ల వేవ్ ఫైళ్లుగా, శబ్దపు ఎత్తుపల్లాలను నొక్కే ఏ కంప్రెసరూ లేకుండా రికార్డు చేసి తెచ్చుకోండి. ముందుముందు లిమిటర్ రాసినప్పుడు దాన్ని పరీక్షించడానికి అలాంటి దెబ్బ మీకు ఇక్కడ అమెరికాలో దొరకదు.