గిటార్లు డ్రాప్ ఇ లోకి దిగితే బేస్ ఇంకెంత కిందికి దిగాలి?

మీరు అడిగింది ఇది: బ్యాండ్‌లో గిటారిస్టులిద్దరూ ఎనిమిది స్ట్రింగుల గిటార్లకు మారారు, డ్రాప్ ఇ ట్యూనింగ్‌లో (అన్నిటికన్నా లావు స్ట్రింగ్‌ని ఇ స్వరానికి దించి) కొత్త పాటలు కడుతున్నారు. మీ చేతిలో ఉన్నది 34 అంగుళాల స్కేల్ (మోగే స్ట్రింగ్ పొడవు) ఉన్న ఐదు స్ట్రింగుల బేస్. వాళ్ల కన్నా ఒక ఆక్టేవ్ కిందికి వెళ్లడానికి బి స్ట్రింగ్‌ని ఇ దాకా వదులు చేయాలా, లేకపోతే ఆరు స్ట్రింగుల బేస్ కొనాలా?

నా జవాబు ముందే చెప్పేస్తాను. ఇప్పుడే కొత్త బేస్ కొనకండి, బి స్ట్రింగ్‌ని ఇ దాకా వదులు చేయకండి. పాటలో ఎక్కువ భాగం గిటార్లు ఉన్న ఆక్టేవ్‌లోనే వాయించండి. కింది స్వరాలంటే ఇష్టం లేక ఇలా చెప్పడం లేదు. ఏడేళ్లుగా ఎఫ్ షార్ప్ దాకా దిగే ఆరు స్ట్రింగుల బేస్ వాయిస్తున్నాను, ఆ లావు స్ట్రింగ్ అంటే నాకు ప్రాణం. అందుకే దాన్ని ఎక్కడ వాడాలో, ఎక్కడ వాడకూడదో ఇంత పట్టుదలగా చెబుతున్నాను.

మామూలు నాలుగు స్ట్రింగుల బేస్‌లో ఓపెన్ ఇ 41.2 హెర్ట్జ్, అంటే సెకనుకు 41.2 ఊపులు. మీ గిటారిస్టులు డ్రాప్ ఇ లో కొట్టే లావు స్ట్రింగ్ కూడా అదే 41.2. అంటే వాళ్లే మీ చోటికి వచ్చి కూర్చున్నారు. మీరు ఇంకో ఆక్టేవ్ దిగితే 20.6 దగ్గర తేలతారు. మనిషి చెవికి వినికిడి కింది హద్దు దాదాపు 20. పియానోలో అన్నిటికన్నా కింది మెట్టు ఎ, అది కూడా 27.5 దగ్గరే ఆగిపోతుంది.

వినపడటం ఒక్కటే అయితే ఏదో తంటాలు పడొచ్చు. అసలు చిక్కు టైమింగ్‌లో ఉంది. 20.6 హెర్ట్జ్ స్వరం ఒక్క ఊపు పూర్తి చేయడానికి 48 మిల్లీసెకన్లకు పైగా పడుతుంది. మీ పాట 180 బీపీఎం (నిమిషానికి 180 బీట్లు) అనుకోండి, అందులో ఒక్కో సిక్స్‌టీన్త్ నోట్ (బీట్‌లో నాలుగో వంతు) 83 మిల్లీసెకన్లు. ఆ కాస్త సమయంలో తీగ రెండు ఊపులు కూడా పూర్తి చేయదు. అది ఏ స్వరమో చెవి పట్టుకునే లోపే తర్వాతి నోట్ వచ్చేస్తుంది. అదే రిఫ్‌ని (మళ్లీ మళ్లీ వచ్చే స్వరాల వరుసని) 41.2 దగ్గర వాయిస్తే ఒక్కో నోట్‌కి మూడు ఊపులకు పైగా దొరుకుతాయి, రిఫ్ రిఫ్‌లా వినిపిస్తుంది. నిదానంగా సాగే బ్రేక్‌డౌన్‌లో, ఒక్కో నోట్ రెండు మూడు సెకన్లు నిలిచే చోట, కింది ఆక్టేవ్ అద్భుతంగా ఉంటుంది. వేగంగా పరిగెత్తే వెర్స్‌లో అది వట్టి గుడగుడ.

ఇది నాకు పుస్తకం చదివితే తెలిసింది కాదు. మా గిటార్లు ఎఫ్ షార్ప్‌కి దిగిన కొత్తలో, నేను కూడా మీలాగే 34 అంగుళాల ఐదు స్ట్రింగుల బేస్‌లో 130 గేజ్ (అంటే 0.130 అంగుళం లావు) బి స్ట్రింగ్‌ని ఎఫ్ షార్ప్ దాకా వదులు చేశాను. రిహార్సల్ గదిలో చాలా బాగుంది అనిపించింది. గోడలు వణుకుతున్నాయి, ఛాతీలో తగులుతోంది. ఆ రోజు ఒక పాట మధ్యలో స్ట్రాప్ ఊడితే రెండు బార్ల పాటు వాయించడం ఆపేశాను. రాత్రి ఫోన్‌లో రికార్డ్ చేసుకున్నది విన్నాను. ఆ రెండు బార్ల చోటు వెతికి మూడుసార్లు వెనక్కి వెళ్లి విన్నాను. పాటలో ఏదీ తగ్గలేదు, గదిలో ఉన్న హోరు మాత్రం ఆగింది. నేను వాయించిన స్వరాలు ఎవరికీ చేరడం లేదని ఆ రాత్రే అర్థమైంది. చాలా బాధ వేసింది.

కారణం స్ట్రింగ్ బిగువులో ఉంది. ఒకే స్ట్రింగ్, ఒకే పొడవు అయితే బిగువు ఫ్రీక్వెన్సీ వర్గాన్ని బట్టి మారుతుంది. బి నుంచి ఎ కి దిగితే దాదాపు 79 శాతం బిగువు మిగులుతుంది, దాంతో సర్దుకోవచ్చు. ఎఫ్ షార్ప్‌కి దిగితే 56 శాతం. మీరు అనుకుంటున్న ఇ కి దిగితే 45 శాతం మాత్రమే. అంత వదులైన స్ట్రింగ్‌ని గట్టిగా లాగితే అది ఫ్రెట్లకు కొట్టుకుంటుంది, లాగిన క్షణంలో శ్రుతి పైకి ఎగిరి తర్వాత మెల్లగా కిందికి జారుతుంది. ట్యూనర్‌లో చూస్తే ముల్లు ముందు కుడివైపు దూకి, ఒక్క క్షణం ఆగి, ఎడమకి పాకుతూ వస్తుంది. ఆ ఎగురుడు, జారుడు కలిస్తే గిటార్లతో ఎప్పటికీ కలవని బేస్ అవుతుంది.

బిగువు పాత స్థాయిలోనే ఉండాలంటే స్ట్రింగ్ లావు పెంచాలి. లెక్క కడితే ఎఫ్ షార్ప్‌కి 175 గేజ్ దగ్గర, కింది ఇ కి 195 దగ్గర తేలుతుంది. అంత లావు స్ట్రింగ్ తీగలా కాకుండా కడ్డీలా ప్రవర్తించడం మొదలుపెడుతుంది. దాని హార్మోనిక్స్ (మూలస్వరంతో పాటు పైన మోగే ఉపస్వరాలు) ఉండాల్సిన చోటు కన్నా కొంచెం పైన మోగుతాయి, అందుకే ట్యూనర్ సరిగ్గా ఉంది అన్నా చెవికి తేడాగా ఉంటుంది. దీనికి మందు స్కేల్ పొడవు పెంచడం. 34 నుంచి 37 అంగుళాలకు వెళ్తే అదే స్ట్రింగ్, అదే స్వరంలో 18 శాతం ఎక్కువ బిగువు ఇస్తుంది. మెటల్ బేసిస్ట్ ఆడమ్ గెట్‌గుడ్ పేరుతో వచ్చిన డింగ్‌వాల్ కంపెనీ ఎన్‌జీ బేస్‌లో ఫ్రెట్లు విసనకర్రలా పరుచుకుని, లావు స్ట్రింగ్ వైపు 37 అంగుళాలు, సన్న స్ట్రింగ్ వైపు 34 ఉండటానికి కారణం ఇదే. నేను చివరికి కొన్నది కూడా అలాంటి మల్టీస్కేల్ బేసే. ఫ్రెట్ల వాలుకి చెయ్యి వారంలో అలవాటు పడింది. మొదటి నాలుగు ఫ్రెట్ల దగ్గర వేళ్లు చాపడానికి మాత్రం నెలలు పట్టింది. అక్కడ వేలికో ఫ్రెట్ అని పట్టుపట్టకుండా, ఉంగరం వేలు, చిటికెన వేలు కలిపి నొక్కడం నేర్చుకోండి, మణికట్టు బతుకుతుంది.

బేసిస్ట్ ఆంథొనీ జాక్సన్ కోసం వాద్యాల తయారీదారు కార్ల్ థాంప్సన్ 1975లో ఆరు స్ట్రింగుల బేస్ చేసినప్పుడు దాని ట్యూనింగ్ కింది బి నుంచి పై సి వరకు. ఆయన దాన్ని కాంట్రాబేస్ గిటార్ అని పిలిచేవాడు. ఆరు స్ట్రింగుల బేస్ అనగానే ఇప్పటికీ చాలామంది ఆ ట్యూనింగే అనుకుంటారు. ఎఫ్ షార్ప్ నుంచి మొదలుపెట్టాలంటే వేరే స్ట్రింగ్ సెట్, వేరే నట్ (హెడ్‌స్టాక్ దగ్గర స్ట్రింగులు కూర్చునే గాళ్ల పట్టీ) కావాలి. కొనేటప్పుడు ఇది ముందే అడగండి.

మళ్లీ మీ బేస్ దగ్గరకు వద్దాం. మీరు చేయగలిగిన మంచి పని ఒకటుంది: బి స్ట్రింగ్‌ని తీసేసి 145 గేజ్ వేసి ఎ కి దించుకోవడం. దాంతో గిటార్ల ఆక్టేవ్ పూర్తిగా మీ చేతిలో ఉంటుంది, ఇ కన్నా ఇంకో ఏడు ఫ్రెట్లు కిందికి దిగే వీలూ ఉంటుంది. ఓపెన్ ఇ స్ట్రింగ్ మీద రిఫ్ నడిపి, సెక్షన్ మారే చోట ఒక్కసారి ఎ కి దూకండి. ఎప్పుడూ కిందే ఉండే బేస్ కన్నా అలా హఠాత్తుగా దిగే బేస్ ఎంతో బరువుగా తగులుతుంది.

లావు స్ట్రింగ్ నట్ గాడిలో పట్టదు. నేను అయితే గాడికి సరిపోయే పాత స్ట్రింగ్ ముక్క తీసుకుని, దాని చుట్టూ సన్నటి సాండ్‌పేపర్ ఒక్క చుట్టు చుట్టి, హెడ్‌స్టాక్ వైపు కొంచెం వాలుగా పట్టుకుని రుద్దాను. పది సార్లు రుద్దడం, స్ట్రింగ్ పెట్టి చూడటం, మళ్లీ పది సార్లు. గాడి వెడల్పు పెంచాలి, లోతు పెంచకూడదు. ఒక్క వెంట్రుకవాసి లోతు ఎక్కువైనా ఓపెన్ స్ట్రింగ్ మొదటి ఫ్రెట్‌కి తగిలి జుయ్ మంటుంది, అప్పుడు కొత్త నట్ తప్పదు. చెయ్యి వణుకుతుందనిపిస్తే రిపేర్ చేసేవాళ్లకు ఇచ్చేయండి. బ్రిడ్జ్ దగ్గర శాడిల్ (స్ట్రింగ్ ఆనే ముక్క) కూడా ఇంకా వెనక్కి జరపాల్సి వస్తుంది.

ట్యూన్ చేసేటప్పుడు 12వ ఫ్రెట్ హార్మోనిక్ వాడితే ట్యూనర్‌కి స్వరం త్వరగా దొరుకుతుంది. చివర్లో మాత్రం పాటలో ఎంత బలంగా కొడతారో అంతే బలంగా ఓపెన్ స్ట్రింగ్ కొట్టి, ముల్లు మొదట దూకిన చోటుని చూసి సర్దండి. మెల్లగా మీటి ట్యూన్ చేసి, స్టేజి మీద గట్టిగా కొడితే రిఫ్ అంతా షార్ప్‌గా పోతుంది.

ఇక సౌండ్. బేస్ వాయించేవాళ్లకు ఇది నమ్మడం కష్టం: నేను స్టేజి మీద 35 హెర్ట్జ్ దగ్గర హైపాస్ ఫిల్టర్ (దానికి కింద ఉన్న శబ్దాన్ని కోసేది) పెడతాను. నా ఎఫ్ షార్ప్ 23.1 హెర్ట్జ్, అంటే ఆ స్వరం అడుగు భాగాన్ని నేనే కోసేస్తున్నాను. అయినా అది ఎఫ్ షార్ప్‌లాగే వినిపిస్తుంది. ఎందుకంటే 46, 69, 92 దగ్గర ఉన్న హార్మోనిక్స్ విని, లేని మూలస్వరాన్ని చెవి తనే పూరించుకుంటుంది. చాలా బేస్ క్యాబినెట్లు 40 హెర్ట్జ్ కిందకి వచ్చేసరికి బాగా నీరసిస్తాయి. అక్కడ పంపిన శక్తి శబ్దంగా మారదు, స్పీకర్ కోన్‌ని ముందుకీ వెనక్కీ ఊపి అలసిపోయేలా చేస్తుంది. ఫిల్టర్ పెట్టిన మొదటి రిహార్సల్లో మా డ్రమ్మర్ వాయించడం ఆపి, "ఇవాళ కిక్ డ్రమ్ వినిపిస్తోంది" అన్నాడు. నేను ముట్టుకున్నది బేస్‌ని మాత్రమే.

రికార్డింగ్‌లో అయితే సిగ్నల్‌ని రెండుగా విడదీస్తాను. 200 హెర్ట్జ్ కింద ఉన్నది క్లీన్‌గా, కంప్రెసర్‌తో గట్టిగా అణిచిపెట్టి ఉంచుతాను. పైన ఉన్నదానికి డిస్టార్షన్ ఇచ్చి గిటార్ల గరగరలో కలుపుతాను. మిక్స్‌లో గిటార్లకు ఎలాగూ 80, 100 హెర్ట్జ్ కింద కోసేస్తారు. అందుకే మీరు వాళ్ల ఆక్టేవ్‌లోనే వాయించినా ఆ కింది చోటంతా మీదే అవుతుంది. మీకు నేనిచ్చే ధైర్యం ఇదే.

కొట్టే చెయ్యి బ్రిడ్జ్‌కి దగ్గరగా ఉంచండి, పిక్ వాడటానికి మొహమాటపడకండి. వాయించని స్ట్రింగ్‌ని ఎప్పుడూ బొటనవేలితో ఆపి ఉంచండి. లావు స్ట్రింగ్ ఎవరూ ముట్టకపోయినా డ్రమ్స్ మోతకి తనంతట తానే మోగుతుంది.

వచ్చే రిహార్సల్లో ఒకే రిఫ్‌ని రెండు రకాలుగా రికార్డ్ చేయండి: ఒకసారి గిటార్ల ఆక్టేవ్‌లో, ఒకసారి ఆక్టేవ్ పెడల్‌తో కింద. గదిలో విని నిర్ణయించకండి, మర్నాడు హెడ్‌ఫోన్లలో వినండి. అప్పటికీ కింది ఆక్టేవే కావాలనిపిస్తే మల్టీస్కేల్ బేస్ గురించి అడగండి, స్ట్రింగ్ సెట్ లెక్క కట్టి ఇస్తాను. స్ట్రింగ్స్ ఆర్డర్ చేసే ముందు మాత్రం బాల్ ఎండ్ (బ్రిడ్జ్ వైపు ఉండే స్ట్రింగ్ చివరి గుండు) నుంచి ట్యూనింగ్ పెగ్ దాకా పొడవు టేపుతో కొలవండి. నా మొదటి 175 గేజ్ స్ట్రింగ్ పెగ్‌కి అంగుళంన్నర ముందే అయిపోయింది.