ఒక్క అణువులో కరెంటు కొలిస్తే ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మా అమ్మాయి ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చివరి ఏడాది. ఒక్కో సేంద్రియ అణువు గుండా కరెంటు ఎంత పోతుందో కొలిచే పీహెచ్‌డీ చేస్తానంటోంది. పక్కింటి అబ్బాయికి పెద్ద ప్యాకేజీ వచ్చింది. నానోటెక్నాలజీ ఎంటెక్ నయమా, ఇదా? – ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: పిల్ల ఐదేళ్లు చదివి ఖాళీగా కూర్చుంటుందేమోనని కదా అసలు బెంగ? జేఆర్‌ఎఫ్ (పరిశోధక విద్యార్థులకిచ్చే ప్రభుత్వ ఫెలోషిప్) వస్తే నెలకు 37,000, రెండేళ్ల తర్వాత 42,000, పైన హెచ్‌ఆర్‌ఏ. మీ మీద భారం పడదు.

ఇక పని సంగతి. బంగారు తీగ మొనను బంగారు పూత పలకకు తాకించి మెల్లగా వెనక్కి లాగుతారు. తెగబోయే ముందు ఒక్క పరమాణువే మిగిలితే వాహకత (కరెంటు ఎంత సులువుగా పోతుందన్న కొలత) 77.5 మైక్రోసీమెన్స్ దగ్గర మెట్టులా ఆగుతుంది. తెగాక ఆ సందులో అణువు ఇరుక్కుంటే కింద ఇంకో మెట్టు. బైపిరిడీన్ అనే అణువుకి అది బంగారు మెట్టులో సుమారు నూరో వంతు. ఒక్కసారి లాగి వచ్చిన అంకెను ఎవరూ నమ్మరు. వేలసార్లు లాగి, ఏ విలువ ఎన్నిసార్లు వచ్చిందో చూపే హిస్టోగ్రామ్ గీయాలి. వాహకత ఆ బంగారు మెట్టులో పదివేలో వంతే ఉన్న అణువుకి 100 మిల్లీవోల్టులు పెట్టినా ఒక నానోఆంపియర్ కూడా పోదు. అందుకే ఆంప్లిఫయర్ నాయిస్, నేల అదురు అన్నీ లెక్కలోకొస్తాయి. ముందు అణువు కలపని ఉత్త ద్రావకంతో లాగి చూడాలి. అప్పుడే కింది మెట్లు కనిపిస్తే ద్రావకం పోసే సెల్ మురికిగా ఉన్నట్టు. బంగారానికి అతుక్కునే గంధకపు కొస ఉన్న థయోల్ అణువుల్ని గాలికి వదిలేస్తే రెండేసి కలిసిపోయి డైసల్ఫైడ్ అయిపోతాయి.

ఇవన్నీ చేసిన పిల్లకి సంశ్లేషణ (అణువుల తయారీ), తక్కువ కరెంటు కొలతలు, పైథాన్ మూడూ అబ్బుతాయి. సెన్సర్లు, పరికరాల కంపెనీలకు కావలసింది అదే. అణువులతో చిప్పులొస్తాయన్న ఆశతో మాత్రం చేరొద్దు. ఒక్క అణువే డయోడ్‌లా, అంటే కరెంటును ఒకవైపే పోనిచ్చేలా, పనిచేయొచ్చని అవిరామ్, రాట్నర్ అనే శాస్త్రవేత్తలు 1974లోనే ప్రతిపాదించారు. అలాంటి ప్రాసెసర్ ఇప్పటికీ బజారులో లేదు.

నానో ఎంటెక్ మీద నాకు ఇంకా ఎక్కువ అనుమానం. పేరులో నానో ఉంటే చాలదు. ఫీజు కట్టేముందు మీరు బిల్డింగు చూస్తారు, మైక్రోస్కోపు లాగ్‌బుక్ చూడరు! విద్యార్థుల పేర్లు అందులో లేకపోతే ఆ పరికరం అద్దాల వెనక బొమ్మే.

ఇంకోటి. మీ ఉత్తరంలో పక్కింటి ప్యాకేజీ ఉంది, అమ్మాయికి ఈ పని ఎందుకు నచ్చిందో ఒక్క ముక్క లేదు. ముందు అడగండి. తర్వాత ఆ ల్యాబులో రెండు నెలల ప్రాజెక్టు చేయనివ్వండి. ఎంచిన మంచి గ్రాఫులు కాదు, లాగిన ప్రతిసారీ నమోదైన ముడి ట్రేసులన్నీ చూపించమని గైడుని ఆమెను అడగమనండి. చూపించని గైడు దగ్గర చేరనివ్వకండి.