ఉత్తర్వే లేదంటున్నారా? పోస్టుల లెక్క అడగండి

మీ ఊరి వంద పడకల ప్రభుత్వాసుపత్రిని డౌన్‌గ్రేడ్ చేస్తున్నారని మూడు అర్జీలిచ్చినా, అధికారులు "ఆసుపత్రి స్థాయిని తగ్గించే ఉత్తర్వేం లేదు" అని పంపించేశారన్నారు కదా, నిజంగానే ఉండకపోవచ్చు. బోర్డు మీద వంద పడకలు అలాగే ఉంచి, డాక్టర్లను డిప్యుటేషన్ మీద, అంటే పోస్టు ఇక్కడే చూపిస్తూ తాత్కాలికంగా, వేరే చోటికి పంపితే సరిపోతుంది. జీవో ఎందుకిక?

1. సమాచార హక్కు చట్టం కింద జిల్లా స్థాయిలో దరఖాస్తు పెట్టండి. ఫీజు 10 రూపాయలు.

2. చాలామంది తప్పేది ఇక్కడే. "ఎందుకు తగ్గించారు?" అని అడుగుతారు. దానికి వాళ్లు జవాబివ్వక్కర్లేదు. కాగితాలే అడగండి: మంజూరైన పోస్టులెన్ని, పనిచేస్తున్నవాళ్లెందరు, డిప్యుటేషన్ ఉత్తర్వుల నకళ్లు, నెలవారీ కాన్పులు, ఒంగోలుకు రిఫర్ చేసిన కేసులు. మా ఊళ్లో మత్తు డాక్టరు ఒక్కరిని కదిపారు, ఆపరేషన్ థియేటర్‌కు తాళం పడింది. ఆ డిప్యుటేషన్ ఉత్తర్వు నకలు చూపించాకే అధికారులు మా మాట విన్నారు.

3. 30 రోజుల్లో జవాబు రాకపోతే మొదటి అప్పీలు వేయండి.

4. నకళ్లతో సోమవారం ఒంగోలు కలెక్టరేట్‌లో ప్రజల అర్జీలు తీసుకునే గ్రీవెన్స్‌కు వెళ్లండి. "డౌన్‌గ్రేడ్ ఆపండి" అని కాదు, "ఫలానా పోస్టులో డాక్టర్ని వెనక్కి పంపండి" అని రాయండి. రసీదు నంబరు తీసుకోకుండా బయటికి రావద్దు. ధర్నా టెంటు ఆ తర్వాత వేసుకోవచ్చు.