జర్మనీ గదిలో చప్పుడు చేయని కంప్యూటర్: ఫ్యాన్ల ఎంపికపై ఒక సందేహం

మాస్టర్స్ చదువు కోసం జర్మనీలోని ఆహెన్ నగరానికి వచ్చిన ఒక తెలుగు విద్యార్థి ఈ మధ్య నన్ను ఇలా అడిగారు: "హైదరాబాదులో నాలుగేళ్లు వాడిన డెస్క్‌టాప్ చప్పుడు నాకు ఒక్కనాడూ వినపడలేదు. ఇక్కడ అంతకన్నా మంచి విడిభాగాలు కొని సొంతంగా అసెంబుల్ చేసుకున్న కంప్యూటర్ మాత్రం రాత్రిపూట గదంతా హోరెత్తిస్తోంది. నాతో ఉంటున్న మిత్రుడికి నిద్ర పట్టడం లేదు. ఖరీదైన ఫ్యాన్లు కొంటే ఈ చప్పుడు పోతుందా?" పదమూడేళ్లుగా ఈ దేశంలో ఉంటూ నాకోసమూ స్నేహితుల కోసమూ ఎన్నో కంప్యూటర్లు అమర్చిన అనుభవంతో చెబుతున్నాను. మంచి ఫ్యాన్ వల్ల కొంత మేలు తప్పక ఉంటుంది గాని, చప్పుడు ఎంతన్నది ముఖ్యంగా ఆ ఫ్యాన్ నిమిషానికి ఎన్నిసార్లు తిరుగుతోందన్న దానిమీదే ఆధారపడుతుంది. అందువల్ల ఫ్యాన్లను నెమ్మదిగా తిరగనిచ్చే కంప్యూటర్‌ను కట్టుకోవడమే అసలు పని.

హైదరాబాదులోని ఆ కంప్యూటర్ కూడా చప్పుడు చేసే ఉంటుంది. అది వినపడే వీలే అక్కడ లేదు. నెత్తిన సీలింగ్ ఫ్యాన్, ఎండాకాలమైతే కూలర్, తెరిచిన కిటికీలోంచి వచ్చే వీధి రొద కలిసి దాన్ని మింగేస్తాయి. జర్మనీ ఇళ్లలో సీలింగ్ ఫ్యాన్ అరుదు. రెండు మూడు పొరల అద్దాల కిటికీ మూసేశాక గదిలో గోడ గడియారం టిక్కుటిక్కు కూడా వినిపిస్తుంది. రాత్రి పడకగదిలో సగటు శబ్దం 30 డెసిబెళ్లు మించకుండా ఉండడం మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999 నాటి మార్గదర్శకాల్లో చెప్పింది. అలాంటి గదిలో 35 డెసిబెళ్ల కంప్యూటర్ ఉంటే మిగతా అన్నిటికన్నా అదే ముందు చెవిన పడుతుంది. సాధారణంగా రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు పాటించే 'రూయెట్సైట్', అంటే నిశ్శబ్ద వేళ, గురించి కొత్తగా వచ్చినవారు చాలా భయపడతారు. కంప్యూటర్ ఫ్యాన్ గాలి చప్పుడు గోడ దాటి పక్కింటికి వెళ్లదు కాబట్టి ఆ భయం అక్కర్లేదు. కానీ ఒకే గదిని పంచుకుంటున్నప్పుడు పక్క మంచం మీది మనిషి నిద్ర ఏ నియమం కన్నా ముఖ్యమైనది.

ఇక లెక్కకు వద్దాం. ఒక ఫ్యాన్ వేగాన్ని సగానికి తగ్గిస్తే అది తోసే గాలి కూడా సుమారు సగమవుతుంది. చప్పుడు మాత్రం దాదాపు 15 డెసిబెళ్లు పడిపోతుంది. పది డెసిబెళ్లు తగ్గితేనే మన చెవికి శబ్దం సగమైనట్టు అనిపిస్తుంది. ఒకే రకం ఫ్యాన్ ఇంకొకటి జోడించి రెండింటినీ పాత వేగంతోనే తిప్పితే పెరిగేది 3 డెసిబెళ్లు మాత్రమే. కాబట్టి 1200 వేగంతో (నిమిషానికి 1200 చుట్లు) తిరిగే ఒక ఫ్యాన్ చేసే పనిని 600 వేగంతో తిరిగే రెండు ఫ్యాన్లకు అప్పగిస్తే, గాలి సుమారు అంతే వస్తూ చప్పుడు 12 డెసిబెళ్ల దాకా తగ్గుతుంది. కేసులో, అంటే విడిభాగాలన్నీ అమర్చే పెట్టెలో, ఉండే అడ్డంకుల వల్ల ఈ అంకెలు కాస్త అటూఇటూ అవుతాయి గాని దారి మాత్రం ఇదే.

అసలు ఎంత గాలి కావాలన్నది చాలామంది ఆలోచించరు. ప్రాసెసరూ గ్రాఫిక్స్ కార్డూ కలిసి 300 వాట్ల వేడిని విడుదల చేస్తున్నాయనుకోండి. గంటకు 100 ఘనపు మీటర్ల గాలి కేసులోంచి సాగితే, ఆ గాలి సుమారు 9 డిగ్రీలు వేడెక్కి బయటికి వస్తుంది. గాలిని రెట్టింపు చేస్తే ఆ పెరుగుదల నాలుగున్నర డిగ్రీలు, ఇంకా రెట్టింపు చేస్తే రెండుంబావు. మొదటి రెట్టింపుతో దక్కిన లాభం రెండోసారి సగమైపోయింది, ఫ్యాన్లు అవే అయితే చప్పుడు మాత్రం రెండుసార్లూ 15 డెసిబెళ్ల చొప్పున పెరిగింది. ఆ చివరి రెండు డిగ్రీల కోసం ఫ్యాన్లను పరుగులు పెట్టించడం వల్ల కంప్యూటర్‌కు దక్కేదేమీ లేదు. ఏఎండీ తన రైజెన్ 7000 శ్రేణి ప్రాసెసర్లను 95 డిగ్రీల వరకు నిశ్చింతగా పనిచేసేలా రూపొందించానని చెబుతోంది. అలాంటప్పుడు 75 డిగ్రీల అంకె తెరమీద కనపడగానే కంగారు పడనవసరం లేదు.

అందుకే కేసు ఎంచుకునేటప్పుడే ముందువైపు 140 మిల్లీమీటర్ల ఫ్యాన్లు పట్టేదాన్ని చూడండి. 120 ఫ్యాన్‌తో పోలిస్తే 140 ఫ్యాన్ చట్రం వైశాల్యం మూడో వంతుకు మించి ఎక్కువ కాబట్టి అంతే గాలిని తక్కువ వేగంతో ఇస్తుంది. ముందు రెండు, వెనుక ఒకటి, మొత్తం మూడు ఫ్యాన్లు చదువుకూ మామూలు ఆటలకూ నిండుగా సరిపోతాయి. ఫ్యాన్ ముందు గాజు పలక ఉన్న కేసులను, అవి ఎంత అందంగా కనిపించినా, నేను ఎవరికీ సిఫారసు చేయను. గాలి పక్క సందుల్లోంచి ఇరుక్కుని రావలసి వస్తే ఫ్యాన్ వేగం పెంచక తప్పదు. ముందువైపంతా సన్నని జాలీ ఉన్న కేసే మేలు. ఒక జాగ్రత్త అవసరం: గాలి పీల్చే వైపున రెక్కలకు ఆనుకునే జాలీ ఉంటే సన్నని ఈల లాంటి శబ్దం పుడుతుంది. జాలీకీ ఫ్యాన్‌కూ మధ్య ఒక సెంటీమీటరు ఎడం దొరికినా అది బాగా తగ్గుతుంది.

ఫ్యాన్ పెట్టెమీద రాసే డెసిబెల్ అంకెను నమ్మి కొనవద్దని ప్రత్యేకంగా చెబుతున్నాను. అది ఫ్యాన్‌ను ఏ అడ్డూ లేకుండా గాలిలో ఉంచి కొలిచినది; ఎంత దూరం నుంచి కొలిచారన్నది అన్ని కంపెనీలకూ ఒకటి కాదు. పైగా ఆ అంకె ఎంత శబ్దమో చెబుతుంది గాని ఎలాంటి శబ్దమో చెప్పదు. మెత్తని గాలి సవ్వడి 30 డెసిబెళ్లున్నా కాసేపటికి మనసు దాన్ని పట్టించుకోదు. 25 డెసిబెళ్ల సన్నని గుయ్యిమనే శబ్దం మాత్రం రాత్రంతా వేధిస్తుంది. నా రెండో కంప్యూటర్‌లో అమర్చిన ఫ్యాన్లు కాగితం మీద ఎంతో నిశ్శబ్దమైనవి. అవి 900 వేగానికి చేరినప్పుడల్లా కేసు రేకు కూడా వాటితో కలిసి 'వూం' అని మోగేది. ఏడు రెక్కల ఫ్యాన్ ఆ వేగంతో తిరిగితే రెక్కల కదలిక సెకనుకు 105 సార్లు గాలిని తాకుతుంది. అంత మంద్రమైన నాదం పాతకాలపు ఇళ్ల చెక్క నేలలోకి సులభంగా దిగుతుంది. కింది అంతస్తులోని పెద్దావిడ ఒక ఆదివారం పైకి వచ్చి, మీ ఇంట్లో ఏదో యంత్రం రోజంతా నడుస్తోందా అని మర్యాదగానే అడిగారు. నేను సిగ్గుపడ్డాను. కేసు కింద మందపాటి రబ్బరు పట్టా వేసి, మరలకు బదులు రబ్బరు పిన్నులతో ఫ్యాన్లను బిగించి, ఆ 850 నుంచి 950 మధ్య వేగంలో ఫ్యాన్ నిలవకుండా దాటిపోయేలా అమర్చాక మళ్లీ ఆవిడకు ఇబ్బంది కలగలేదు. గాలి చప్పుడు గోడ దాటకపోయినా ప్రకంపన నేల దాటుతుందని ఆ రోజే తెలుసుకున్నాను. ఒకే రకం ఫ్యాన్లు రెండు దాదాపు ఒకే వేగంతో తిరిగినప్పుడు కూడా శబ్దం అలలా లేచి పడుతూ ఉంటుంది. వాటి వేగాల మధ్య ఓ వంద తేడా ఉంచితే అది పోతుంది.

ఏ ఫ్యాన్ కొనాలన్న ప్రశ్నకు నా జవాబు చిన్నదే. నాలుగు పిన్నుల పీడబ్ల్యూఎం రకం, అంటే విద్యుత్ సంకేతంతో వేగం మార్చగల ఫ్యాన్ తీసుకోండి, దాని వేగాన్ని కిందిదాకా సాఫీగా తగ్గించవచ్చు. బేరింగ్ ద్రవపు పొర మీద తిరిగే రకమై ఉండాలి. చవకరకం స్లీవ్ బేరింగులు అరిగేకొద్దీ గరగరమంటాయి. ఆస్ట్రియాకు చెందిన నాక్టువా 2018లో తెచ్చిన ఎన్ఎఫ్-ఏ12ఎక్స్25 అనే 120 ఫ్యాన్‌లో రెక్కల కొసకూ చట్రానికీ మధ్య ఖాళీ అర మిల్లీమీటరే. పనితనంలో అది నిజంగా గొప్పది, ధర కూడా అలాగే ఉంటుంది. ఆర్కిటిక్ కంపెనీ పీ12, పీ14 ఫ్యాన్లు ఐదింటి కట్టగా చాలా తక్కువకు దొరుకుతాయి. 600, 700 వేగంలో నడిపే విద్యార్థికి అవి చాలు. మిగిలిన డబ్బుతో ప్రాసెసర్‌కు పెద్ద కూలర్, అంటే దాని వేడిని లాగే లోహపు అమరిక, కొనడం తెలివైన పని. థర్మల్‌రైట్ పీర్‌లెస్ అసాసిన్ 120 ఎస్ఈ ఎత్తు 155 మిల్లీమీటర్లు, నాక్టువా ఎన్‌హెచ్-డీ15 ఎత్తు 165. మీ కేసు తలుపు మూసుకుంటుందో లేదో ముందే కొలుచుకోండి.

నేను చూసిన గదుల్లో సగానికి పైగా ఫిర్యాదులు కొత్త ఫ్యాన్ ఏదీ కొనకుండానే తీరాయి. మదర్‌బోర్డ్ కంపెనీ ఇచ్చే వేగపు అమరికలో ప్రాసెసర్ వేడికి ఫ్యాన్ వెనువెంటనే స్పందిస్తుంది. ఒక వెబ్ పేజీ తెరవగానే ప్రాసెసర్ క్షణంలో 45 నుంచి 65 డిగ్రీలకు ఎగిరి మళ్లీ దిగుతుంది. ఫ్యాన్ కూడా దానితోపాటు గుర్రుమని లేచి తగ్గుతుంది. కూలర్‌లోని లోహం నిజంగా వేడెక్కడానికి చాలా సేపు పడుతుంది కాబట్టి ఆ పరుగంతా వృథా. నిలకడగా ఉండే శబ్దం కన్నా ఇలా మారుతూ ఉండేదే నిద్రను చెడగొడుతుంది. బయోస్‌లోకి, అంటే కంప్యూటర్ ఆన్ చేయగానే తెరవగలిగే మూల అమరికల్లోకి, వెళ్లి ఫ్యాన్ వేగం పెరగడానికీ తగ్గడానికీ పట్టే వ్యవధిని కొన్ని సెకన్లకు పెంచండి. 60 డిగ్రీల వరకు కేసు ఫ్యాన్లను 600 దగ్గర కదలకుండా ఉంచి, 75కు 800, 85కు 1100 అయ్యేలా అక్కడి వేగపు గ్రాఫులో గీత గీయండి. విండోస్ వాడేవారికి 'ఫ్యాన్ కంట్రోల్' అనే ఉచిత ప్రోగ్రాం ఇంకా మేలు, ఎందుకంటే కేసు ఫ్యాన్లను గ్రాఫిక్స్ కార్డు వేడికి కూడా ముడిపెట్టవచ్చు. ఆటలాడేటప్పుడు అసలు వేడి అక్కడి నుంచే వస్తుంది. కార్డుకు విద్యుత్తు పరిమితిని పది, పదిహేను శాతం తగ్గిస్తే ఆటలో తేడా పెద్దగా తెలియదు, చప్పుడులో మాత్రం వెంటనే తెలుస్తుంది. కార్డులోంచి కీచుమనే శబ్దం వస్తే అది కార్డులోని కాయిల్ (తీగచుట్ట) చేసేది, ఫ్యాన్ మార్చినా పోదు. పాత హార్డ్ డిస్కు ఉంటే, తిరుగుతూ అదీ చప్పుడు చేస్తుంది కాబట్టి, దాన్ని తీసేసి తిరిగే భాగాలు లేని ఎస్ఎస్‌డీ పెట్టండి.

ఈ అమరికను చలికాలంలో ఒకసారి చేసి ఏడాదంతా అలాగే వదిలేయకండి. కేసు లోపలి వేడి ఎప్పుడూ గది వేడిమీద అదనంగా చేరేది. జనవరిలో 20 డిగ్రీల గదిలో 70 చూపిన ప్రాసెసర్, జులైలో 33 డిగ్రీల గదిలో 83 చూపుతుంది. ఇక్కడి ఇళ్లలో సాధారణంగా ఏసీ ఉండదు. 2019 జులై 25న ఈ ఆహెన్ ఉన్న రాష్ట్రంలోనే, డుయిస్‌బుర్గ్‌లో, 41.2 డిగ్రీలు నమోదైంది. రెంటచింతల ఎండ మనకు తెలియనిది కాదు గాని, పైకప్పు కింది చిన్న గదిలో ఆ ఉక్కపోత వేరు. వేసవికి ఇంకో అమరిక చేసి దాచుకోండి. చలికాలంలో కిటికీ కింది హీటర్ పక్కన కంప్యూటర్‌ను పెట్టకండి.

ఫ్యాన్లను ఆన్‌లైన్‌లోనే కొనమంటాను. దానికి కారణం ధర ఒక్కటే కాదు. యూరోపియన్ యూనియన్ చట్టం ప్రకారం ఆన్‌లైన్‌లో కొన్న వస్తువును కారణం చెప్పకుండా 14 రోజుల్లోపు వెనక్కి తీసుకోమనవచ్చు, దుకాణంలో కొన్నదానికి ఈ హక్కు లేదు. వచ్చిన రోజు రాత్రే, కిటికీలు మూసి, దీపం ఆర్పి, దిండు మీద తల పెట్టి వినండి. వేగాన్ని వంద వంద చొప్పున పెంచుతూ ఎక్కడ నాదం పుడుతోందో రాసుకోండి. నచ్చకపోతే గీతలు పడకుండా పెట్టెలో పెట్టి పంపేయండి. తపాలా ఖర్చు ఎవరిదో ముందే చూసుకోండి. ఆ గడువు దాటాక చెడితే రెండేళ్ల చట్టబద్ధమైన బాధ్యత అమ్మినవాడిదే. 2022 నుంచి కొన్న వస్తువులకు మొదటి 12 నెలల్లో బయటపడ్డ లోపం కొన్ననాటిదేనని చట్టం భావిస్తుంది కాబట్టి బిల్లు భద్రంగా దాచండి.

చదువు ముగించుకుని ఇంటికి వెళ్లేటప్పుడు ఈ కంప్యూటర్‌ను తీసుకెళ్లవచ్చా అని కూడా ఆ విద్యార్థి అడిగారు. నిస్సంకోచంగా తీసుకెళ్లవచ్చు. ఇక్కడా అక్కడా సరఫరా 230 వోల్టులు, 50 హెర్ట్జ్. పవర్ సప్లైకి తగిలించే తీగ ఒక్కటి మారిస్తే చాలు. ఫ్యాన్లన్నీ లోపల 12 వోల్టుల మీదే నడుస్తాయి. అమెరికాకు తీసుకెళ్లినా, 100 నుంచి 240 వోల్టుల దాకా తీసుకునే పవర్ సప్లై అయితే ఇబ్బంది లేదు. విజయవాడకు చేరాక మాత్రం చప్పుడు కన్నా దుమ్ము పెద్ద సమస్య అవుతుంది. గాలి పీల్చే చోట్లన్నిటికీ జాలీ బిగించి, లోపలికి వచ్చే గాలి బయటికి పోయే గాలి కన్నా కొంచెం ఎక్కువ ఉండేలా ముందు ఫ్యాన్ల వేగం పెంచుకోండి. అక్కడ సీలింగ్ ఫ్యాన్ తిరుగుతూనే ఉంటుంది కాబట్టి ఆ పెరిగిన చప్పుడు మీ అమ్మగారి నిద్రకు అడ్డు రాదు.