క్రెంకో డెక్ మధ్యలో చతికిలబడుతుంటే

మ్యాజిక్ కార్డుల ఆటలోని కమాండర్ పద్ధతిలో, గోబ్లిన్లను పుట్టించే క్రెంకో నాయకుడిగా ఉన్న మీ గోబ్లిన్ డెక్ (కార్డుల కట్ట) ఆరో టర్నుకల్లా చేతిలో కార్డులు లేక చతికిలబడుతోందన్నారు. జాబితా చూశాను. తప్పు గోబ్లిన్లది కాదు. 100 కార్డుల్లో ల్యాండ్లు (కార్డులు ఆడటానికి కావాల్సిన మానా అనే శక్తినిచ్చేవి) 31 మాత్రమే ఉన్నాయి. 36 చేయండి.

ఇక చేతిలో కార్డుల కోసం ముందుగా స్కల్‌క్లాంప్ పెట్టండి. ఇది జీవికి తగిలించే పరికరం, దాని బలం ఒకటి పెంచి ఓర్పు ఒకటి తగ్గిస్తుంది. దాన్ని 1/1 (బలం 1, ఓర్పు 1) గోబ్లిన్ టోకెన్‌కు, అంటే క్రెంకో పుట్టించిన గోబ్లిన్‌కు తగిలిస్తే ఆ గోబ్లిన్ అక్కడికక్కడే చస్తుంది, మీకు రెండు కార్డులొస్తాయి. తగిలించే ఖర్చు ఒక్క మానా! ఎర్ర డెక్‌లో ఇంత చవక బేరం నాకింకెక్కడా కనిపించలేదు.

ముగ్గురు ప్రత్యర్థులు, తలా 40 ప్రాణాలు. అందరినీ దాడులతోనే పడగొట్టడం కష్టం. ఇంపాక్ట్ ట్రెమర్స్ కార్డు ఉంటే మీ గోబ్లిన్ దిగిన ప్రతిసారీ ముగ్గురికీ ఒక్కో ప్రాణం తగ్గుతుంది. క్రెంకోకు లైట్నింగ్ గ్రీవ్స్ అనే పరికరం తొడగండి, దిగిన టర్నులోనే గోబ్లిన్లను పుట్టించడం మొదలుపెడతాడు.