రేంజరా, స్కీటరా, ట్రాకరా? బాస్ పడవ కొనేవారి సందేహాలు

ప్రశ్న: నేను తార్నాకలో నివసిస్తున్న విశ్రాంత ఉద్యోగిని. మా అబ్బాయి అమెరికాలో డాలస్ దగ్గర ఉద్యోగం చేస్తున్నాడు. సెలవు రోజుల్లో మిత్రులతో కలిసి లేక్ ఫోర్క్ అనే జలాశయానికి, అప్పుడప్పుడు లేక్ టెక్సోమాకు వెళ్లి, బాస్ అనే చేపను గాలంతో పట్టడం వాడికి వ్యసనంగా మారింది. ఇన్నాళ్లూ మిత్రుల పడవలు ఎక్కినవాడు ఇప్పుడు సొంతంగా ఒకటి కొంటానంటున్నాడు. రేంజర్, స్కీటర్, నైట్రో, ట్రైటన్, ట్రాకర్, బాస్ క్యాట్ అంటూ పేర్లు వల్లిస్తున్నాడు గానీ ఏది మంచిదో తేల్చుకోలేకపోతున్నాడు. ఘట్‌కేసర్ దగ్గరి ప్లాటు అమ్మిన డబ్బులో కొంత వాడికి పంపాలనుకుంటున్నాను. ఇద్దరు చిన్నపిల్లలు కూడా భద్రంగా కూర్చోగలిగిన పడవ అయితేనే ఒప్పుకుంటానని మా కోడలు అంటున్నది. ఏ కంపెనీ పడవ కొనమని చెప్పాలి?
— ఒక తండ్రి, తార్నాక

సమాధానం: మీ ఉత్తరంలోని పేర్లన్నిటికన్నా మీ కోడలు పెట్టిన షరతే ముఖ్యమైనది. దాని సంగతి తేలకముందే కంపెనీలను పోల్చడం మొదలుపెడితే ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు అవుతుంది.

బాస్ పడవ విహారానికి చేసినది కాదు. ముందూ వెనకా మనిషి నిలబడి గాలం విసరడానికి చదునైన అరుగులు, ముందు కొసన కాలితో నడిపే చిన్న ఎలక్ట్రిక్ మోటారు, వెనక పెద్ద పెట్రోలు ఇంజను, పట్టిన చేపను ప్రాణంతో ఉంచే నీళ్ల తొట్టి, వీటన్నిటి చుట్టూ బాగా తక్కువ ఎత్తు అంచులు: దాని నిర్మాణమంతా ఇంతే. అంచు తక్కువగా ఉండడం గాలం వేసేవాడికి సౌకర్యం, ఐదేళ్ల పిల్లవాడిని ఎక్కించే తల్లికి అదే భయం. పిల్లలు నెలకు రెండుసార్లయినా ఎక్కుతారనుకుంటే, మీ అబ్బాయి చెప్పిన జాబితాను కాసేపు పక్కన పెట్టి, లోతైన గోడలు, ముందు గాలిని ఆపే అద్దం ఉన్న పడవలను చూడడం మంచిది. మిన్నెసోటా రాష్ట్రంలో తయారయ్యే లండ్ ఆ తరహా అల్యూమినియం పడవలకు పేరు పడ్డది. వాటిలోనూ బాస్ పట్టవచ్చు, కాకపోతే మిత్రుల ముందు కొంత దర్పం తగ్గుతుంది.

ఇక పేర్ల సంగతి. బయటికి ఇవి పదీ పన్నెండు కంపెనీలుగా కనిపిస్తాయి గానీ, లోపలికి వెళ్లి చూస్తే ఇళ్లు నాలుగైదే. రేంజర్‌ను 1968లో అర్కాన్సాస్ రాష్ట్రంలోని ఫ్లిప్పిన్ అనే చిన్న ఊళ్లో ఫారెస్ట్ వుడ్ దంపతులు స్థాపించారు. ట్రాకర్‌ను 1978లో జానీ మోరిస్ మొదలుపెట్టి, పడవ, ఇంజను, పడవను కారు వెనక లాక్కెళ్లే ట్రైలరు బండి మూడూ కలిపి ఒకే ధరకు అమ్మే పద్ధతికి ప్రాచుర్యం తెచ్చారు. ఈ రెండూ, వాటితోపాటు నైట్రో, ట్రైటన్ కూడా ఇప్పుడు వైట్ రివర్ మెరైన్ గ్రూప్ అనే ఒకే గొడుగు కింద ఉన్నాయి, ఆ గొడుగు మోరిస్ గారి బాస్ ప్రో షాప్స్ అనే చేపల వేట సామాను దుకాణాల సంస్థ చేతిలో ఉంది. కాబట్టి నైట్రోనా ట్రైటనా అని మిత్రులు వాదించుకుంటున్నారంటే, ఒక తండ్రి పిల్లల్లో ఎవరు గొప్ప అని వాదించుకుంటున్నారన్నమాట. 1948లో లూయిసియానాలోని ష్రీవ్‌పోర్ట్‌లో పుట్టిన స్కీటర్‌ను తొలి బాస్ పడవగా చెప్పుకుంటారు. ఆ మాటకు అమెరికా వాడుకలో దోమ అని అర్థం. అది ఇప్పుడు టెక్సాస్‌లోని కిల్‌గోర్‌లో తయారవుతున్నది, యజమాని యమహా. బాస్ క్యాట్ మాత్రం 1971 నుంచి అర్కాన్సాస్‌లోని మౌంటెన్ హోమ్‌లో ఒకే కుటుంబం నడుపుతున్న సంస్థ. ఈ చరిత్ర చెప్పడానికి కారణం ఉంది: పడవను ఎంచుకుంటే చాలాసార్లు ఇంజను కూడా ఎంచుకున్నట్టే. ట్రాకర్, నైట్రో పడవలు మెర్క్యురీ ఇంజన్లతో వస్తాయి, స్కీటర్ యమహాతో వస్తుంది. మీ అబ్బాయి ఇంటికి దగ్గరలో ఏ ఇంజనుకు నమ్మకమైన మెకానిక్ ఉన్నాడో ముందు తెలుసుకుంటే, సగం జాబితా దానంతట అదే తెగిపోతుంది.

ఇంజను కంపెనీ మాయమైపోతే ఏమవుతుందో కూడా గుర్తుంచుకోవాలి. వందేళ్లు దాటిన పేరున్న ఎవిన్‌రూడ్ ఔట్‌బోర్డ్ ఇంజన్ల (పడవ వెనక బయటివైపు బిగించేవి) తయారీని దాని యాజమాన్యం 2020లో ఆపేసింది. అంతకు కొద్ది నెలల ముందే వాటిని కొన్నవారు కూడా ఉంటారు కదా!

అసలు తేడా పదార్థంలో ఉంది. ఫైబర్‌గ్లాస్ పడవలు బరువైనవి, అల్యూమినియం పడవలు తేలికైనవి, చవకైనవి. బాలానగర్‌లో కూలింగ్ టవర్లకు ఫైబర్ భాగాలు తయారుచేసే షెడ్లలో కొన్నాళ్లు తిరిగినవాడిగా ఒక మాట చెబుతాను. అచ్చు మీద ముందు జెల్‌కోటు పూస్తారు, దాని మీద గాజునార మ్యాట్ పరిచి, ఆరాక గట్టిపడే రెజిన్ అనే జిగురు పట్టిస్తారు. షోరూములో మనల్ని మురిపించే తళతళ అంతా అర మిల్లీమీటరు మందం ఉండే ఆ పైపూతది మాత్రమే, దాని వెనక గాజునార ఎంత ఉందో, రెజిన్ సరిగా పట్టిందో లేదో పైనుంచి తెలియదు. అందువల్ల మీ అబ్బాయి పడవ బయటి రంగును కాకుండా, వెనక భాగంలో బ్యాటరీలు పెట్టే అర మూత ఎత్తి లోపల చూడాలి. అక్కడ గాజునార అంచులు చేతికి గుచ్చుకునేలా వదిలేశారా, వైర్లను కట్టగట్టి గుర్తులు వేశారా, గొట్టాలు బిగుతుగా ఉన్నాయా అన్నది గమనిస్తే, కొనేవాడి కన్ను పడని చోట ఆ కంపెనీ ఎలా పనిచేస్తుందో అర్థమవుతుంది. ఇటువంటి పడవ ట్రైలరు మీద ఇంటికి తిరిగి వచ్చేదే గానీ నెలల తరబడి నీళ్లలో నానేది కాదు కనుక, పైపూత బొబ్బలెక్కుతుందన్న భయం పెద్దగా అక్కర్లేదు.

అల్యూమినియంలో రివెట్లు కొట్టినవి ఉంటాయి, వెల్డింగు చేసినవి ఉంటాయి. అలల మీద ఏళ్ల తరబడి దబదబా పడితే రివెట్లు వదులై నీరు ఊరవచ్చు. అర్కాన్సాస్‌లోని హాట్ స్ప్రింగ్స్‌లో తయారయ్యే ఎక్స్‌ప్రెస్ పూర్తి వెల్డింగు పడవలకు పేరొందినది. మీ అబ్బాయి జాబితాలో అది లేకపోవడం ఆశ్చర్యం. రేంజర్ సైతం ఇప్పుడు అల్యూమినియం పడవలు చేస్తున్నది కాబట్టి పేరు వినగానే ఫైబర్ అనుకోకూడదు.

ఏ పదార్థం మంచిదన్నది నీటిని బట్టి ఉంటుంది. లేక్ ఫోర్క్ కింద మునిగిపోయిన అడవి ఉంది. నిలువునా నిలిచిన మోడుల మధ్యే చేప ఉంటుంది, అక్కడే 1992లో 18.18 పౌండ్ల, అంటే 8 కిలోలు దాటిన బాస్ పడి టెక్సాస్ రికార్డుగా నిలిచింది. ఆ మోడుల్లో పడవ నెమ్మదిగా పోతుంది, తగులుతుంది, గీసుకుంటుంది. అల్యూమినియానికి సొట్ట పడుతుంది, ఫైబర్‌కు పెచ్చు లేస్తుంది. సొట్ట పడిన పడవ సొట్టతోనే చాలాకాలం బతుకుతుంది, పెచ్చు లేచినదాన్ని మరమ్మతు చేయించాలి. టెక్సోమా దానికి పూర్తిగా భిన్నం: ఓక్లహోమా సరిహద్దులో రెడ్ నది మీద విశాలంగా పరుచుకున్న ఆ సరస్సులో గాలి లేచిన రోజున తేలికపాటి అల్యూమినియం పడవ నడుము విరగ్గొడుతుంది, బరువైన ఫైబర్ పడవ అలను కోసుకుంటూ పోతుంది. మీ అబ్బాయి ఎక్కువగా వెళ్లేది ఫోర్క్‌కు కాబట్టి, నన్నడిగితే అల్యూమినియానికే మొగ్గుతాను.

ధర విషయంలో బంగారం కొట్టు పాఠమే పనికివస్తుంది. గ్రాము ధర చూసి సంతోషించి తరుగు, మజూరీ దగ్గర నీరసపడడం మనకు తెలిసినదే. 17 అడుగుల అల్యూమినియం పడవ ఇంజను, ట్రైలరుతో కలిపి సుమారు 30,000 డాలర్ల లోపు దొరుకుతుంది, 21 అడుగుల ఫైబర్ పడవ 80,000 డాలర్లు దాటడం మామూలే. ఆ పైన రవాణా, సిద్ధం చేసిన ఖర్చు, టెక్సాస్‌లో 6.25 శాతం అమ్మకపు పన్ను, రిజిస్ట్రేషను, బీమా, చేపను చూపించే సోనారు తెర, ముందు మోటారుకు రెండో మూడో బ్యాటరీలు చేరతాయి. ముందు మోటారు 12 వోల్టులదా, 24దా, 36దా అన్న ఒక్క ప్రశ్నతోనే లెక్క మారిపోతుంది. రెండు దుకాణాల ధరలను పోల్చేటప్పుడు అన్నీ కలిపి ఇంటి గేటు దగ్గరకు చేరే ధరను కాగితం మీద రాయించుకోవాలి.

నిలిపే చోటును చాలామంది మరిచిపోతారు. 20 అడుగుల పడవ ట్రైలరు మీద మరికొన్ని అడుగులు పెరుగుతుంది, గ్యారేజీలో పట్టకపోవచ్చు. ఇంటి ముందు పడవ నిలపకూడదని అక్కడి కాలనీ సంఘాలు చాలావాటికి నియమం ఉంటుంది, మన అపార్టుమెంట్లలో పార్కింగు తగాదాల్లాంటివే అక్కడా ఉంటాయి. పెద్ద ఫైబర్ పడవ, ఇంజను, ట్రైలరు, సామాను కలిపి సుమారు 1,800 కిలోలు తూగుతాయి కాబట్టి దాన్ని లాగే కారు సామర్థ్యమెంతో కారు పుస్తకంలో చూడాలి.

భద్రతకు సంబంధించి ఒక సూక్ష్మం ఉంది. 20 అడుగుల లోపు పడవలకు ఎంతమంది ఎక్కవచ్చో, ఎంత బరువో, ఎన్ని గుర్రపుశక్తుల ఇంజను పెట్టవచ్చో తెలిపే పలకను బిగించాలని, నీళ్లు నిండినా పడవ తిరగబడకుండా సమంగా తేలాలని అమెరికా కోస్ట్ గార్డ్ నిబంధనలున్నాయి. 20 అడుగులు దాటితే ఆ నిర్బంధం ఉండదు, కొన్ని కంపెనీలు స్వచ్ఛందంగా పాటిస్తాయి. పిల్లలు ఎక్కే పడవ అయితే దీన్ని నోటిమాటగా కాక, రాతపూర్వకంగా అడగాలి. నడిపేవాడు నీళ్లలో పడితే ఇంజను ఆగిపోయే తాడును వేగంగా వెళ్లేటప్పుడు ఒంటికి తగిలించుకోవాలన్న చట్టం 2021 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉంది. మీ అబ్బాయి 1993 సెప్టెంబరు 1న గానీ ఆ తరువాత గానీ పుట్టినవాడైతే, 15 గుర్రపుశక్తులు మించిన పడవ నడపడానికి టెక్సాస్‌లో శిక్షణ పూర్తిచేసిన ధ్రువపత్రం ఉండాలి.

చివరి పరీక్ష నీళ్ల మీద జరగాలి. దుకాణదారు ఒక్కడే ఎక్కి చూపించే పరుగును నమ్మకుండా, భార్యాపిల్లలను ఎక్కించి, ట్యాంకు నిండా పెట్రోలు పోసి నడపమనండి. వేగం పెరిగినప్పుడు పడవ ఎడమకూ కుడికీ ఊగడం మొదలుపెట్టిందంటే, దాన్ని అదుపు చేయడానికి చేయి తిరగాలి. కోడలు ఆ రోజు పడవ దిగాక ఏమంటుందో దాన్నే తీర్పుగా తీసుకోవచ్చు.

ప్రశ్న: మా అల్లుడు టెక్సాస్‌లోనే పాత బాస్ పడవ ఒకటి చవకగా వస్తున్నదని చెబుతున్నాడు. ఏం చూసుకోవాలి?
— ఒక పాఠకురాలు, మియాపూర్

సమాధానం: ముందుగా కాగితాలు చూసుకోవాలి. టెక్సాస్‌లో పడవకు ఒక హక్కుపత్రం, ఔట్‌బోర్డ్ ఇంజనుకు వేరే హక్కుపత్రం ఉంటాయి. రెండూ అమ్మేవాడి పేరున ఉన్నాయో లేదో చూడాలి. పడవ వెనక కుడివైపు 12 అక్షరాల గుర్తింపు సంఖ్య ఉంటుంది, దాని చివరి రెండు అంకెలు మోడల్ సంవత్సరాన్ని తెలుపుతాయి. తరువాత ఇంజనును కొంచెం పైకి లేపి, దాని కింది భాగాన్ని పట్టుకుని పైకీ కిందికీ ఊపాలి. ఇంజను బిగించిన వెనక గోడ కూడా దానితోపాటు కదిలితే, లోపలి చెక్క కుళ్లిందని అనుమానించవలసిందే, పాత పడవల్లో ఆ గోడ లోపల ప్లైవుడ్ ఉండేది. ఆధునిక ఇంజను ఎన్ని గంటలు, ఏ వేగంలో తిరిగిందో మెకానిక్ కంప్యూటరు తగిలించి చెప్పగలడు. ఆ పరీక్షకు ఒప్పుకోని అమ్మకందారు దగ్గర బేరం ఆడడం అనవసరం.

ప్రశ్న: అటువంటి పడవ ఒకటి తెప్పించుకుని హైదరాబాద్ చుట్టుపక్కల కొర్రమీను పట్టవచ్చా?
— ఒక పాఠకుడు, కూకట్‌పల్లి

సమాధానం: ఉత్సాహం అర్థమవుతున్నది గానీ, వద్దనే చెబుతాను. తెలంగాణ రాష్ట్ర చేప అయిన కొర్రమీను నిస్సందేహంగా బాస్‌కు సాటివచ్చే పోరాటగత్తె. ఎరగా వాడే రబ్బరు కప్పను నీటి కలుపు మీద ఎగిరించి లాగితే రెండూ ఒకే తీరున దూకుతాయి. కాని కొర్రమీను ఉండేది లోతు తక్కువ, కలుపు ఎక్కువ ఉన్న చెరువుల్లో. అక్కడ 200 గుర్రపుశక్తుల ఇంజను పంకాకు నాచు చుట్టుకోవడం తప్ప మరో పని జరగదు. ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ నగరానికి తాగునీరు ఇవ్వడానికి కట్టినవి, వినోదపు పడవలకు కాదు. చాలా చెరువుల్లో చేపలు పట్టే హక్కు మత్స్యకార సహకార సంఘాలది, వారి అనుమతి లేకుండా గాలం వేయడం పద్ధతి కాదు. ఇంజను పడవకైతే 2021 నాటి అంతర్గత జలనౌకల చట్టం ప్రకారం తనిఖీ, రిజిస్ట్రేషను కూడా కావాలి. సంఘం వారితో మాట్లాడుకుని, ఈత రాకపోయినా వచ్చినా లైఫ్ జాకెట్టు తొడుక్కుని, ఆ చెరువులో గుండ్రని పుట్టిని నడిపే మనిషిని ఒక పూటకు కుదుర్చుకోండి. ఏ కలుపు కింద చేప ఉందో ఆయనకు తెలుసు.