ఫోన్ లాక్కుంటే అలవాటు పోతుందా?

ప్రశ్న: మా బాబు పదో తరగతి. రాత్రి ఒంటిగంట దాకా ఫోన్‌లో గేమ్ ఆడతాడు. తిట్టాం, పక్కింటి అబ్బాయిని చూసి నేర్చుకోమన్నాం, చివరికి ఫోన్ లాక్కుని వైఫై పాస్‌వర్డ్ మార్చేశాం. ఇప్పుడు స్నేహితుడి పాత ఫోన్ తెచ్చుకుని దుప్పట్లో ఆడుతున్నాడు. ఏం చెయ్యాలి?
– ఒక తల్లి, తెనాలి

జవాబు: అమ్మా, వేళకు ఫోన్ ఆపాలని నియమం పెట్టడం వేరు, పిల్లాడి మనసు నొక్కడం వేరు. మొదటిది వాడికి కావాలి. పోలికలు, ఎత్తిపొడుపులు, రెండ్రోజులు మాట్లాడకుండా ఉండటం మాత్రం బెడిసికొడతాయి. ఇంట్లో మాట పడ్డ పిల్లాడికి తనకు విలువిచ్చే చోటు ఆ గేమ్ జట్టే అవుతుంది. అప్పుడు ఆట ఇంకా పెరుగుతుంది, దానికి దాపరికం తోడవుతుంది.

ముందు ఆ పాత ఫోన్‌ను వాడి చేతే తిరిగి ఇప్పించండి. విచారణలు పెట్టొద్దు, గది సోదా చెయ్యొద్దు. వాడి ఫోన్ వాడికిచ్చి, ఒక వారం లెక్క మాత్రం చూడండి. ఆండ్రాయిడ్ ఫోనైతే సెట్టింగ్స్‌లో డిజిటల్ వెల్‌బీయింగ్ తెరిస్తే ఏ యాప్‌లో ఎంతసేపు గడిచిందో, ఫోన్ ఎన్నిసార్లు తెరిచారో కనిపిస్తుంది. వాడి పక్కన కూర్చుని, ఆ అంకెలు వాడి చేతే కాగితం మీద రాయించండి. మీ ఫోన్ లెక్క కూడా ఆ కాగితం మీదే ఉండాలి.

తర్వాత నిద్ర సంగతి. ఈ వయసుకు 8 నుంచి 10 గంటలు కావాలి. పొద్దున ఆరింటికి లేవాల్సినవాడు రాత్రి పదింటికల్లా పడుకోవాలి. ఒంటిగంట అలవాటును ఒక్క రోజులో పదికి దించితే నిద్ర పట్టక దొర్లి, మళ్లీ ఫోనే వెతుక్కుంటాడు. మూడు నాలుగు రోజులకోసారి అరగంట చొప్పున ముందుకు జరిపితే సుమారు మూడు వారాల్లో పదికి చేరతాడు.

ఎక్కువ ఇళ్లలో గొడవ మొదలయ్యేది ఆట మధ్యలోనే. బీజీఎంఐ (బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా) అనే జట్టుగా ఆడే షూటింగ్ గేమ్‌లో పెద్ద మ్యాప్ మీద చివరిదాకా నిలిస్తే ఒక మ్యాచ్‌కు అరగంట దాకా పడుతుంది. సగంలో ఫోన్ గుంజుకుంటే మిగిలిన ముగ్గురు జట్టు పిల్లలు వాణ్ని తిడతారు, ఆ కోపమంతా మీ మీదికి వస్తుంది. అందుకే ‘ఇంకో పది నిమిషాలే’ అనకండి. పడుకునే వేళకు గంట ముందు నుంచి కొత్త మ్యాచ్ మొదలుపెట్టకూడదని ఒప్పందం చేసుకోండి. ఇలాంటి మాటను పిల్లలు నిలబెట్టుకోగలరు.

రాత్రి ఛార్జింగ్ హాల్లోనే పెట్టాలి. మీది, మీవారిది కూడా అక్కడే. అలారం కోసం ఫోన్ కావాలంటాడు, ఒక అలారం గడియారం కొనిపెట్టండి. మొదటి వారం చిరాకులు, అలకలు తప్పవు. అప్పుడే ఎవరో ఒకరు మెత్తబడతారు. నాన్న వద్దన్నది నానమ్మ ఫోన్‌లో దొరికితే నియమం అక్కడితో సరి. ఇంట్లో పెద్దలందరూ ముందే ఒక మాట మీదికి రావడం అన్నిటికంటే ముఖ్యం.

ప్రశ్న: నాకు కిరాణా షాపుంది. ఆర్డర్లు, పేమెంట్లు అన్నీ ఫోన్‌లోనే. ఇంటర్ చదివే మా అమ్మాయిని ఫోన్ పక్కన పెట్టమంటే ‘నువ్వు పెట్టావా నాన్నా?’ అంటుంది.
– ఒక తండ్రి, వరంగల్

జవాబు: ఆమె అడిగింది న్యాయమే. దాన్ని ఎదురు చెప్పడం కింద తీసుకోకండి. మీరు ఆర్డర్ చూస్తున్నారో రీల్స్ చూస్తున్నారో ఎదురుగా కూర్చున్నవాళ్లకు తెలియదు, వంచిన తల ఒక్కటే కనిపిస్తుంది. ఇంట్లో ఫోన్ తీసినప్పుడు ‘హోల్‌సేల్ ఆయనకు ఆర్డర్ పెడుతున్నా, ఐదు నిమిషాలు’ అని పైకి చెప్పండి, అయ్యాక పక్కన పెట్టండి. పేమెంట్లకు షాపులో సౌండ్‌బాక్స్ ఉంటే మాటిమాటికీ స్క్రీన్ చూడక్కర్లేదు. రాత్రి తొమ్మిది తర్వాతి ఆర్డర్లు పొద్దున చూస్తానని వాట్సాప్ బిజినెస్‌లో ఆటోమేటిక్ మెసేజ్ పెట్టుకోవచ్చు. భోజనాల దగ్గర మాత్రం మినహాయింపు వద్దు, మీకైనా సరే. ఒకవేళ మీరే తప్పితే ఆ సంగతి ఆమె కంటే ముందు మీరే ఒప్పుకోండి.

ప్రశ్న: పద్నాలుగేళ్ల మా పాప ఇన్‌స్టాగ్రామ్ మెసేజ్‌లు తనకు తెలియకుండా చదవొచ్చా?
– ఒక తల్లి, కర్నూలు

జవాబు: చదవకండి. బయటపడిన రోజు తను ఇంకో అకౌంట్ తెరుస్తుంది, అది మీకు ఎప్పటికీ తెలియదు. రేపు ఎవరైనా ఫొటోలు పెట్టి బెదిరించినా మీ దగ్గరికి రాదు. ప్రాణహాని అనుమానం వస్తే మాత్రం ఆగకండి, అప్పుడు కూడా ‘చూస్తున్నాను’ అని చెప్పి చూడండి.

అంతకంటే ముందు అకౌంట్‌లోని పుట్టినతేదీ చూడండి. వయసు చాలక, అమ్మానాన్నలే సంవత్సరం మార్చి అకౌంట్ తెరిచిచ్చిన ఇళ్లు చాలా ఉన్నాయి. అలా చేస్తే ఆ యాప్ పిల్లను పెద్దవాళ్ల కిందే లెక్కేస్తుంది. టీనేజీ పిల్లల కోసం ఇన్‌స్టాగ్రామ్ పెట్టిన టీన్ అకౌంట్లు మన దేశంలో 2025లో వచ్చాయి. వాటిలో ప్రొఫైల్ ప్రైవేట్‌గా ఉంటుంది, రాత్రి 10 నుంచి పొద్దున 7 దాకా నోటిఫికేషన్లు మూగబోతాయి, మీ పాప వయసువాళ్లు వీటిని సడలించాలంటే మీ అనుమతి కావాలి. తప్పు తేదీ ఉంటే ఇవేవీ పనిచేయవు. అకౌంట్స్ సెంటర్‌లో పర్సనల్ డీటెయిల్స్‌లోకి వెళ్లి, తనతో కలిసి తేదీ సరిచేయండి.

ప్రశ్న: పిల్లల గేమ్‌ల పిచ్చి అలవాటో జబ్బో ఎలా తెలుస్తుంది?
– ఒక పాఠకుడు, నిజామాబాద్

జవాబు: గంటల లెక్కను బట్టి తేలదు. ఆటను అదుపు చేసుకోలేకపోవడం, చదువు, తిండి, స్నేహాల కంటే అదే ఎక్కువైపోవడం, నష్టం కనిపిస్తున్నా మానకపోవడం, ఈ మూడూ సాధారణంగా 12 నెలలపాటు ఉండి బతుకు దెబ్బతింటే ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని గేమింగ్ డిజార్డర్ అంటోంది. తీవ్రంగా ఉంటే అన్నాళ్లు ఆగక్కర్లేదు. బడి మానేసినా, చనిపోతానన్న మాట వచ్చినా అదే రోజు సాయం తీసుకోండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఏ వేళైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్‌లో ఇందుకోసమే ‘షట్’ క్లినిక్ ఉంది. పిల్లవాడు రానంటున్నా మొదటి ఫోన్ మీరే చేయొచ్చు.